మావాడికి అన్నీ తెలుసు, చదవడం తప్ప

ప్రశ్న:

మేడమ్ గారూ, మాది తణుకు దగ్గర పల్లెటూరు. మా బాబుకి 9 ఏళ్లు నిండాయి, 4వ తరగతి, ఇంగ్లీష్ మీడియం ప్రైవేట్ స్కూలు. నోటితో అడిగితే అన్నీ చెప్తాడండి, వాళ్ల నాన్నతో వెళ్లి ఏ బోదె నీళ్లు ఎవరి చేలోకి పోతాయో కూడా తెలుసుకున్నాడు, పుస్తకం తీయమంటే మాత్రం కడుపునొప్పి. తెలుగు ఒక్కో అక్షరం కూడబలుక్కుంటాడు, ఇంగ్లీషు అయితే మొదటి అక్షరం చూసి ఏదో ఒక మాట అనేస్తాడు. ట్యూషన్ మేడమ్ తప్పు రాసిన మాట 50 సార్లు రాయిస్తారు, మర్నాడు మళ్లీ అదే తప్పు. స్కూల్లో బద్ధకం అన్నారు. మా అత్తగారు ఫోన్ వల్లే అంటారు. మా ఆయనేమో నేనూ అంతే, టెన్త్ మూడుసార్లు రాశా, బతకట్లేదా అంటారు. మొన్న సిటీలో ఒక సెంటర్‌కి తీసుకెళ్తే వేలిముద్రలు తీసుకుని మెదడు రిపోర్ట్ అని 30 పేజీలు ఇచ్చారు, మీవాడు విజువల్ లెర్నర్ అన్నారు, రంగు కళ్లద్దాలు, బ్రెయిన్ ఎక్సర్‌సైజులు అన్నీ కలిపి పర్సనలైజ్డ్ ప్యాకేజీ ఏడాదికి 85 వేలట. గాజులు తాకట్టు పెట్టి అయినా కట్టేద్దామా? ఇంకొకరు తెలుగు పూర్తిగా మానిపించేసి ఇంగ్లీషు ఒక్కటే చెప్పించమంటున్నారు. నాకేం పాలుపోవట్లేదు.
– ఒక అమ్మ

సమాధానం:

ముందు ఆ గాజులు చేతికి వేసేసుకోండమ్మా, మిగతాది తర్వాత మాట్లాడుకుందాం.

ఆ సెంటర్ వాళ్లు మంచివాళ్లా కాదా అన్నది నాకనవసరం, వాళ్లు అమ్ముతున్న సరుకు గురించి చెప్తా. వేలిముద్రలతో మెదడు చదివే ఆ టెస్టుకి శాస్త్రీయ ఆధారం లేదని ఇండియన్ సైకియాట్రిక్ సొసైటీ 2019లోనే చెప్పేసింది. రంగు కళ్లద్దాలు, కంటి ఎక్సర్‌సైజులు చదువు ఇబ్బందికి పనిచేస్తాయనడానికి రుజువు లేదని అమెరికాలో పిల్లల డాక్టర్లూ కంటి డాక్టర్లూ కలిసి 2009లో ఉమ్మడిగా రాసిచ్చారు. ఇక విజువల్ లెర్నర్, ఆడిటరీ లెర్నర్ అనే మాటలు ట్రైనింగుల్లో నేను కూడా నోట్స్ రాసుకున్నా, పిల్లల్ని అలా విడదీసి పాఠం చెప్తే ఎక్కువ నేర్చుకుంటారా అని 2008లో కొందరు సైకాలజిస్టులు ఉన్న పరిశోధనలన్నీ వెతికితే నమ్మదగ్గ ఆధారం దొరకలేదు. మీకిచ్చిన 30 పేజీల్లో మీవాడు ఏ అక్షరం దగ్గర ఆగిపోతున్నాడో ఒక్క లైనైనా ఉందా చూడండి. ఉండదు. ఎందుకంటే వాడిచేత ఒక్క పేజీ కూడా చదివించి ఉండరు.

నాకు మండేది అక్కడే. పర్సనలైజ్డ్ అంటే ఫైలు మీద పిల్లాడి పేరు ప్రింట్ చేయడం అనుకుంటున్నారు చాలామంది. కూర్చోబెట్టి చదివించి, ఎక్కడ పట్టు తప్పుతోందో కనిపెట్టి, ఆ ఒక్క ముక్క నేర్పి, వచ్చిందో లేదో వారం వారం లెక్క చూసుకోవడం, అంతేనండి దాని అర్థం. దీనికి 85 వేలు అక్కర్లేదు, ఒక 100 పేజీల నోట్‌బుక్కు, పాత కేలండర్ అట్టలు, ఓపిక ఉన్న ఒక మనిషి కావాలి. ఆ మూడోదే కొంచెం కష్టం.

మీవాడికి ఏముందో ఉత్తరం చూసి తేల్చి చెప్పడం నా పని కాదు, చెప్పకూడదు కూడా. కానీ మీరు రాసినవి, నోటితో చురుగ్గా ఉండటం, చదువు దగ్గర మాత్రమే ఆగిపోవడం, ఊహించి చదవడం, 50 సార్లు రాసినా స్పెల్లింగ్ నిలవకపోవడం, పైగా నాన్నకి కూడా అదే బాధ, ఇవన్నీ కలిపితే డిస్లెక్సియా, అంటే చదవడం, స్పెల్లింగ్ దగ్గర వచ్చే ప్రత్యేకమైన ఇబ్బంది అని అనుమానించి చూడాల్సిందే. ఇది కుటుంబాల్లో వస్తుంది, కాబట్టి మీ ఆయన సరదాకి అన్నారో చిరాగ్గా అన్నారో గానీ డాక్టర్‌కి చెప్పాల్సిన మొదటి సంగతి అదే. తెలివికీ దీనికీ లింకు లేదు. ఫోన్ వల్ల నిద్ర పాడవుతుంది, టైం పోతుంది, మీ అత్తగారు ఆ మాట వరకు కరెక్టే, డిస్లెక్సియా మాత్రం ఫోన్ వల్ల రాదు. ఇంకోటి, అక్షరాలు తిరగేసి కనపడతాయి అని సినిమాల్లో చూపించినట్టు ఇది కంటి జబ్బు కాదు, చాలామంది పిల్లల్లో అసలు చిక్కు శబ్దాల దగ్గర ఉంటుంది, మాటలోని శబ్దాల్ని విడదీసి ఆ శబ్దానికి ఈ గుర్తు అని చకచకా జత చేయడం కుదరదు. బీ, డీ తారుమారు చేయడం 7 ఏళ్ల వరకు మామూలు పిల్లలూ చేస్తారు.

అయినా సరే ముందు ఒకసారి కళ్లు, చెవులు టెస్ట్ చేయించేయండి. సైటు ఉండో, చెవిలో నీరు చేరో ఇబ్బంది పడుతున్న పిల్లల్ని నెలల తరబడి స్పెషల్ క్లాసుల్లో కూర్చోబెట్టిన సందర్భాలు చూశాను. అది తేలాక ఇంట్లో మీరే ఒక అరగంట పరీక్ష పెట్టండి, మార్కులు వేయకండి, ఆటలాగా పెట్టండి, వాడు చెప్పింది చెప్పినట్టు మీరు రాసుకోవాలి.

మొదట అక్షరాలు, కానీ వరసలో కాదు. అ ఆ ఇ ఈ అని వరసలో అడిగితే పాటలాగా అప్పజెప్పేస్తారు, దాన్ని చూసి అక్షరాలు వచ్చు అనుకుని మోసపోతాం. కలిపేసి రాయండి, మ, ట, ద, వ, య, ధ, ప ఇలా. తర్వాత గుణింతాలు, అవీ కలిపేసి, కి, టే, మొ, లూ, పు. తర్వాత అక్క, అమ్మ, బొబ్బ లాంటి ఒకే అక్షరం ఒత్తులు, తర్వాత పద్మ, వస్త్రం, స్నేహం లాంటివి. ఆ తర్వాత అసలు పరీక్ష, అర్థం లేని మాటలు. టిబు, లోమె, గసిపు, నూదకే. వాడు నవ్వుతాడు, నవ్వనివ్వండి. మామూలు మాటల్ని చాలామంది పిల్లలు మొత్తం బొమ్మలా గుర్తుపెట్టుకుని చదివేస్తారు, అర్థం లేని మాటని ఊహించడానికి కుదరదు కాబట్టి నిజంగా అక్షరం పలకడం వచ్చో రాదో అక్కడ బయటపడుతుంది.

నోటితో శబ్దాల పరీక్ష కూడా పెట్టండి, పుస్తకం లేకుండా. పలకలో ప తీసేస్తే ఏం మిగులుతుంది? చిలకలో చి తీసేస్తే? కమలంలో క మాత్రం తీయించకండి, నేను ఒకసారి చూసుకోకుండా అడిగి క్లాసంతా పది నిమిషాలు నవ్వు ఆపుకోలేక ఆరోజు పాఠమే జరగలేదు. ఇవి వస్తే ఇంకా చిన్న ముక్క, స్టాప్‌లో మొదటి శబ్దం తీసేస్తే? టాప్ అనాలి. ఇంగ్లీషు చదవాలంటే ఈ చిన్న ముక్క చేయడం రావాలి, తెలుగులో అక్షరం అక్షరంగా విడదీసి అలవాటైన పిల్లలకి ఇది కొంచెం ఆలస్యంగానే వస్తుంది.

చివర్లో ఒక కథ మీరే చదివి వినిపించి ప్రశ్నలు అడగండి. ఇది వదిలేయకండి. 1986లో గఫ్, టన్మర్ అని ఇద్దరు పరిశోధకులు చాలా సింపుల్‌గా ఒక మాట చెప్పారు, చదివి అర్థం చేసుకోవడం అంటే అక్షరాల్ని మాటగా పలకడం, వింటే భాష అర్థం కావడం, ఈ రెండిటినీ గుణిస్తే వచ్చేది అని. గుణిస్తే అన్నారు, కూడితే కాదు, అంటే ఒకటి సున్నా అయితే మొత్తం సున్నాయే. విని అన్నీ చెప్పి, చదివితే చెప్పలేకపోతే చిక్కు పలకడం దగ్గర. చక్కగా గడగడా చదివేసి ఏమీ చెప్పలేకపోతే అది వేరే చిక్కు, దానికి మాటలు, కథలు, కబుర్లు పెంచాలి. మీ ఉత్తరం చూస్తే మీవాడు మొదటి రకమే అనిపిస్తోంది, పరీక్ష పెట్టి చూడండి. ఏ మెట్టు దగ్గర ఉన్నాడో చూడటానికి పల్లెల్లో పిల్లలకి చదవడం ఎంత వచ్చో చూసే అసర్ సర్వే వాళ్ల తెలుగు షీటు కూడా ఫ్రీగా దొరుకుతుంది, అక్షరాలు, మాటలు, 1వ తరగతి పేరా, 2వ తరగతి కథ, అంతే ఉంటుంది అందులో.

ఈ పరీక్ష పెట్టకుండా పాఠం మొదలుపెడితే ఏమవుతుందో నా కథే చెప్తా. కొత్తలో నా దగ్గరికి 5వ తరగతి అబ్బాయి వచ్చాడు, చదవడం రాదు అన్నారు, నేను మహా ఉత్సాహంగా అ నుంచి మొదలుపెట్టి ఇసుక పళ్లెంలో రాయించి, రంగు రంగు కార్డులు చేసి, దాదాపు ఒక టర్మ్ అంతా అక్షరాలూ గుణింతాలూ చేయించాను. పిల్లాడు రోజూ బుద్ధిగా చేసేవాడు, చదవడం మాత్రం ఉన్నచోటే ఉంది. ఒకరోజు వాళ్ల చెల్లి, ఒకటో రెండో తరగతి, పక్కన కూర్చుని "టీచర్, అన్నయ్యకి అక్షరాలన్నీ వచ్చు, కింద తగిలించేవి రావు" అంది. అంతే. వత్తులు. ఒక్క వత్తుల దగ్గర ఆగిపోయాడు ఆ అబ్బాయి, నేనేమో వచ్చినదాన్నే నాలుగు నెలలు నేర్పాను. ఆ ఇసుక పళ్లెం ఇప్పటికీ నా దగ్గరుంది, చూసినప్పుడల్లా సిగ్గేస్తుంది.

తెలుగులో వత్తులు నిజంగానే కష్టం, మనకి వచ్చేసింది కాబట్టి తెలీదు. స్నేహం అని రాసి చూడండి. కంటికి స కనపడుతుంది, దాని నెత్తిన ఏత్వం కనపడుతుంది, కింద న వత్తు కనపడుతుంది, చెవికి మాత్రం ముందు స్, తర్వాత న్, ఆ తర్వాత ఏ. కన్ను వెళ్లే వరస వేరు, నోరు పలికే వరస వేరు. త, మ, న, ల, య, ర వత్తులు అయితే అసలు అక్షరంలా కూడా ఉండవు. వ కి కొమ్ము పక్కన రాస్తే మ అయిపోతుందని కిందకి దించి రాస్తాం, ఈ సంగతి పిల్లలకి ఎవరైనా చెప్తారా? చెప్పం, వాళ్లే తెలుసుకోవాలి అనుకుంటాం, చాలామంది తెలుసుకుంటారు కూడా, మీవాడిలాంటి పిల్లలకి విప్పి చెప్పాలి. మన లిపికి అక్కచెల్లెలు లాంటి కన్నడంలో సోనాలి నాగ్ గారు 2007లో అచ్చు వేసిన పరిశోధనలో కూడా ఇదే తేలింది, ఇంగ్లీషులో 26 అక్షరాలు త్వరగా అయిపోతాయి, మన లిపుల్లో గుణింతాలు వత్తులు కలిపి వందల గుర్తులు కాబట్టి మామూలు పిల్లలకే పూర్తిగా పట్టు రావడానికి 3, 4 తరగతుల దాకా పడుతుంది.

సరే, ఇప్పుడు రోజూ ఏం చేయాలి. 25 నిమిషాలు, వారానికి 5 రోజులు. ఆదివారం రెండు గంటలు కూర్చోబెట్టి మిగతా రోజులు వదిలేస్తే లాభం లేదు. టైం కూడా ఎప్పుడూ ఒకటే పెట్టుకోండి, ఆకలి మీద వద్దు, సీరియల్ టైంలో అసలు వద్దు. మొదటి మూడు నాలుగు నిమిషాలు పాత కార్డులు, నిన్నా మొన్నా వచ్చినవే, చకచకా, గెలిచిన ఫీలింగ్‌తో మొదలవ్వాలి. తర్వాత కొత్తది ఒక్కటి, ఒక్కటంటే ఒక్కటే, మీరు చూపించి మీరు పలకాలి, తర్వాత ఇద్దరూ కలిసి, తర్వాత వాడొక్కడే. వాడిచేత కనిపెట్టించాలని ఎదురుచూడకండి, చెప్పేయండి. ప, వ ఒకే వారం నేర్పకండి, మ, య కూడా అంతే, ద, ధ, థ అయితే ఇంకా దూరం దూరంగా, ఒకటి బాగా గట్టిపడ్డాకే రెండోది. పలక మీదో బియ్యప్పళ్లెంలోనో రాయిస్తే రాయించండి, కానీ వేలు కదులుతున్నప్పుడు నోరు కూడా ఆ శబ్దం పలకాలి, మూగగా గీస్తే అది ముగ్గు.

తర్వాత మాటలు కట్టడం. చింతపిక్కలు తీసుకోండి. చిలక అంటే మూడు గళ్లు గీసి ఒక్కో అక్షరానికి ఒక్కో పిక్క జరపమనండి. ఇంగ్లీషుకి కూడా ఇదే, షిప్ అంటే రాయడానికి నాలుగు అక్షరాలు గానీ వినడానికి మూడు శబ్దాలు, కాబట్టి మూడు పిక్కలు. ఇది రష్యాలో ఎల్కోనిన్ అనే సైకాలజిస్ట్ పెట్టిన పద్ధతి, ఆయన పిక్కలు వాడి ఉండడు లెండి. పిక్కలు జరిపాక అక్షరం కార్డులు పెట్టి ఒక్కటి మార్చండి, కాలు, కళ్లు మూసి తెరిచేలోపు పాలు, పాడు, ఒక్క ముక్క మారితే మాట ఎలా మారిందో చూస్తాడు.

ఆ తర్వాత చదవడం, దీనికే ఎక్కువ టైం ఇవ్వాలి, ఎనిమిది పది నిమిషాలు. వాడికి ఇప్పటిదాకా నేర్పిన అక్షరాలు వత్తులతోనే ఉండే నాలుగైదు లైన్లు మీరే రాయండి, వాడి బోదెల గురించే రాయండి, నేను రాసే కథల కన్నా బాగుంటుంది. అదే పేరా మూడు నాలుగు సార్లు చదివించాలి, మొదటిసారి తడుముకుంటాడు, నాలుగోసారికి గాలి ఆడుతుంది. ఎక్కడైనా ఆగితే వెంటనే అందించకండి, నాలుగు సెకన్లు మనసులో లెక్కపెట్టి అప్పుడు శబ్దం అందించి, వాక్యం మళ్లీ మొదటి నుంచి చదివించండి. వంకాయని వడియం అని చదివితే బొమ్మ చూసి చెప్పు అనకండి, రెండో అక్షరం మీద వేలు పెట్టించండి. తప్పు చదివినప్పుడు మీ మొహం చూస్తాడు వాడు, ఆ మొహం జాగ్రత్త. చివర్లో రెండు మూడు మాటలు చెప్పి రాయించండి, ఈరోజు నేర్చిన దానితోనే.

ఇందులో కొత్త కనిపెట్టుడు ఏం లేదు. పెద్ద కమిటీ ఒకటి, అమెరికాలో నేషనల్ రీడింగ్ పానెల్ అని, 2000లో రిపోర్ట్ ఇచ్చింది, శబ్దాలు విడదీయడం, అక్షరం శబ్దం జత ఒక వరసలో నేర్పడం, పక్కన ఒకరు వింటూ సరిచేస్తుండగా బయటికి చదివించడం, మాటల అర్థాలు, చదివింది అర్థం చేసుకోవడం, ఈ ఐదూ అందులోనే ఉన్నాయి. ఆర్టన్ గిల్లింగ్‌హామ్ అని ఒక పేరు కూడా మీకు తగులుతుంది, చదవడం కష్టమైన పిల్లలకి నేర్పడానికి 1930ల నుంచి ఉన్న పద్ధతి, దాని నీడలోనే నేనూ నేర్చుకున్నా, కానీ 2021లో దాని మీద వచ్చిన పరిశోధనలన్నీ కలిపి చూస్తే లాభం ఉన్నట్టే కనపడినా గట్టిగా తేల్చి చెప్పగలిగేంత లేదు అన్నారు. అందుకని ఆ బోర్డు చూసి ఎక్కువ ఫీజు కట్టొద్దు, బోర్డు వెనక ఉన్న టీచర్ ఏం చేస్తుందో చూడండి.

50 సార్లు ఇంపొజిషన్ ఆపించేయండి, మొహమాటపడకండి. పదో సారికి చెయ్యి రాస్తుంటుంది, మనసు ఎక్కడో ఉంటుంది, పైగా ఒకసారి తప్పు రాసి చూసుకోకపోతే మిగతా 49 సార్లు తప్పుని బట్టీ పట్టినట్టే. దాని బదులు మాట చూసి, పలికి, మూసేసి, రాసి, తెరిచి తనే సరిచూసుకోవడం మూడుసార్లు చాలు, ఇవాళ ఒకసారి, ఎల్లుండి ఒకసారి, వచ్చే వారం ఒకసారి.

ఇక లెక్క. ప్రతి శనివారం కొత్త పేరా ఒకటి, అదే లెవెల్‌ది, ఒక్క నిమిషం చదివించి కరెక్ట్‌గా చదివిన మాటలు ఎన్నో నోట్‌బుక్‌లో చుక్క పెట్టండి. చిన్న తరగతుల చదువు కోసం కేంద్రం పెట్టిన నిపుణ్ భారత్‌లో 3వ తరగతి అయ్యేసరికి నిమిషానికి 60 మాటలు అని ఒక టార్గెట్ ఉంది, దాన్ని మీవాడి నెత్తిన పెట్టకండి, పైగా తెలుగు మాటలు పొడుగు, వెళ్లిపోతున్నారంటే అన్నది మనకి ఒక్క మాటే. వాడి పోయిన నెల చుక్కతో ఈ నెల చుక్క పోల్చండి. నాలుగు శనివారాలు వరసగా గీత లేవకపోతే మీరు ఇస్తున్న పాఠం కష్టమై ఉండాలి లేదా చాలా తేలికై ఉండాలి, ఒక మెట్టు కిందకో పైకో జరిపి చూడండి. క్లాసు పుస్తకం 4వది కాబట్టి 4వదే చదివించాలి అన్న పట్టుదల వదిలేయండి. ముంబై, వడోదరల్లో ప్రథమ్ అనే స్వచ్ఛంద సంస్థ వాళ్లు వెనకబడ్డ 3, 4 తరగతుల పిల్లలకి ఊళ్లో ఉన్న అమ్మాయిలతోనే రోజూ బేసిక్స్ చెప్పిస్తే మార్కులు పెరిగాయని 2007లో పరిశోధన వచ్చింది, ఢిల్లీలో పిల్లాడి లెవెల్‌కి తగ్గ పాఠం ఇచ్చే సాఫ్ట్‌వేర్‌తో నాలుగున్నర నెలల్లోనే హిందీ, లెక్కలు రెండూ మెరుగుపడ్డాయి. అవి డిస్లెక్సియా పిల్లల మీద చేసినవి కావు, వెనకబడ్డ మామూలు పిల్లల మీద, ఆ తేడా గుర్తుంచుకోండి, కానీ క్లాసుని బట్టి కాకుండా పిల్లాడున్న చోటునుంచి మొదలుపెట్టడం ఎంత పనిచేస్తుందో వాటిలో కనపడుతుంది.

తెలుగు మానిపించాలా అని అడిగారు. వద్దండి. మీరు ఇంట్లో మాట్లాడేది తెలుగు, వాడికి మాటలు అర్థమయ్యేది తెలుగులో, పైగా తెలుగులో రాసినట్టే పలుకుతాం కాబట్టి నేర్చుకున్నది వృథా పోదు, ఇంగ్లీషులో 26 అక్షరాలతో 44 దాకా శబ్దాలు పలకాలి, ఒకే అక్షరం ఒక్కోచోట ఒక్కోలా. ఒక భాషలో శబ్దాలు విడదీయడం వస్తే రెండో భాషకి కూడా అది అక్కరకొస్తుంది. నేనైతే మొదటి మూడు నెలలు తెలుగుకి 25 నిమిషాలు, వేరే పూట ఇంగ్లీషుకి 10 నిమిషాలు ఇస్తాను, ఎస్, ఏ, టీ, పీ, ఐ, ఎన్ ఈ ఆరు అక్షరాల శబ్దాలతోనే పిన్, ట్యాప్, సిట్ లాంటి చిన్న చిన్న మాటలు. ఇది నా అనుభవం మీద చెప్తున్న మాట, పరిశోధన తీర్పు కాదు. హిందీ ఉంటే ప్రస్తుతానికి నోటితోనే కానివ్వండి.

ఈలోపు సైన్సు, సోషల్ ఆగిపోకూడదు. చదవలేని పిల్లలు చదవరు, చదవక కొత్త మాటలు రావు, మాటలు రాక ఇంకా చదవలేరు, దీన్ని స్టానోవిచ్ అనే ఆయన 1986లో ఉన్నవాడికే ఇంకా వస్తుంది అన్న బైబిల్ మాటతో పోల్చి మాథ్యూ ఎఫెక్ట్ అన్నాడు. కాబట్టి పాఠాలు మీరు చదివి వినిపించండి, ఫోన్‌లో బయటికి చదివే ఆప్షన్ కూడా ఉంటుంది, మీ అత్తగారికి చెప్పండి, ఫోన్‌కి ఈ ఒక్క పని ఇచ్చాం అని.

టీచర్ కావాలంటే వెతకండి, ఇంట్లో అమ్మ చెప్తే గొడవలయ్యే ఇళ్లు కూడా ఉంటాయి, నాకు తెలుసు, మా ఇంట్లో నేనే మా పిల్లకి లెక్కలు చెప్పలేను. వెళ్లగానే మూడే అడగండి. మొదటి రోజు మావాడిచేత ఏం చదివిస్తారు? ఈ నెల ఏ ముక్క నేర్పుతారు? వచ్చిందో లేదో నాకు ఎలా చూపిస్తారు? సూటిగా చెప్తే కూర్చోండి, మెదడు కుడివైపు ఎడమవైపు అని మొదలుపెడితే లేచి వచ్చేయండి. పూర్తి అసెస్‌మెంట్ కోసం మీ జిల్లా హాస్పిటల్లో డీఈఐసీ (పిల్లల ఎదుగుదల ఇబ్బందుల్ని ముందే గుర్తించే కేంద్రం) ఉందేమో అడగండి, చాలా మండలాల్లో సమగ్ర శిక్షా కింద భవిత కేంద్రాలు ఉన్నాయి, అక్కడ రిసోర్స్ టీచర్లుంటారు. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో ఎన్ఐఈపీఐడీ అనే కేంద్ర ప్రభుత్వ సంస్థ ఉంది, 4వ తరగతి దాకా పిల్లాడు నిజంగా ఏ క్లాసు లెవెల్లో ఉన్నాడో చూసే గ్లాడ్ అనే టెస్టు 1997లో తయారైంది అక్కడే. అసెస్‌మెంట్ చేసేవాళ్లని తెలుగులో కూడా చదివించి చూస్తారా అని అడగండి, ఇంగ్లీషులో మాత్రమే చేస్తే ఇంగ్లీషు సరిగ్గా నేర్పకపోవడం వల్లా, నిజంగా డిస్లెక్సియా వల్లా అన్నది తేల్చడం కష్టం.

స్కూల్‌కి ఒక ఉత్తరం ఇవ్వండి, గొడవగా కాదు. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో 21 రకాలు ఉన్నాయి, అందులో స్పెసిఫిక్ లెర్నింగ్ డిజబిలిటీ ఒకటి, డిస్లెక్సియా దాని కిందకే వస్తుంది, ఇలాంటి పిల్లల్ని త్వరగా గుర్తించి తగిన పద్ధతిలో నేర్పాలని 16వ సెక్షన్‌లో ఉంది. క్లాసులో హఠాత్తుగా లేపి బయటికి చదివించొద్దు, సైన్సు సోషల్‌లో స్పెల్లింగుకి మార్కులు కొయ్యొద్దు, కొన్ని జవాబులు నోటితో చెప్పనివ్వండి, ఈ మూడు అడగండి చాలు, సర్టిఫికెట్ లేకుండానే మంచి టీచర్లు ఒప్పుకుంటారు. సర్టిఫికెట్ 8 ఏళ్లు దాటాక ఇస్తారు, మన దగ్గర సదరం క్యాంపు ద్వారా, 40 శాతం గానీ అంతకన్నా ఎక్కువ గానీ ఉంటే చట్టంలో బెంచ్‌మార్క్ డిజబిలిటీ అనే లెక్క కింద వస్తుంది. సీబీఎస్ఈ అయితే గంటకి 20 నిమిషాలు ఎక్స్‌ట్రా టైం, స్క్రైబ్ (పిల్లాడు చెప్తే రాసిపెట్టే మనిషి), మూడో భాష నుంచి మినహాయింపు ఇలాంటివి ఉన్నాయి, స్టేట్ బోర్డు అయితే ఈ ఏడాది సర్క్యులర్ హెడ్‌మాస్టర్ దగ్గర అడిగి కాపీ తీసుకోండి. 4వ తరగతిలోనే దీనికోసం పరుగెత్తక్కర్లేదు, 8, 9 తరగతులకి చేతిలో ఉంటే మంచిది.

మీ ఆయన గురించి ఒక మాట. టెన్త్ మూడుసార్లు రాసిన మనిషి మూడోసారి హాల్లోకి వెళ్లి కూర్చున్నాడంటే చిన్న సంగతి కాదు, బతకట్లేదా అని నవ్వేస్తున్నారు గానీ ఆ నవ్వు వెనకాల ఏముందో మీకే తెలియాలి. శనివారం ఆ ఒక్క నిమిషం టైం చూసే పని ఆయనకివ్వండి. కుదిరితే తనకి స్కూల్లో ఎలా ఉండేదో బాబుకి ఒకసారి చెప్పమనండి, కడుపునొప్పి ఆయనకి కూడా వచ్చేదేమో.

పరీక్ష పెట్టిన షీటు, మొదటి నాలుగు శనివారాల చుక్కలు ఫోటో తీసి నాకు పంపండి, అప్పుడు వత్తుల్లో ఏది ముందు పెట్టాలో చెప్తాను. ప్రతి చుక్క కింద తేదీ వేయడం మర్చిపోకండి.